ఫోన్ లెక్క వేరు, మీ లెక్క వేరు

పాఠకుల ప్రశ్నలు – జవాబులు

ఫోను, టీవీ, పేపరు, ఓటీటీ... వీటికి రోజులో ఎంత సమయం పోతోంది, బదులుగా ఏం వస్తోంది అన్నది తేల్చుకోవడం ఎలాగని అడుగుతూ జంటనగరాల నుంచి వచ్చిన ఉత్తరాల్లో కొన్నిటికి ఈ సంచికలో జవాబులు ఇస్తున్నాం. ఎవరి పేర్లూ వేయడం లేదు.

ప్రశ్న: ఉప్పల్ నుంచి రాయదుర్గానికి రోజూ మెట్రోలో వెళ్లొస్తాను. సాఫ్ట్‌వేర్ ఉద్యోగం. రోజుకు సగటున 6 గంటల 40 నిమిషాలు ఫోన్ చూస్తున్నానని నా ఫోనే చెబుతోంది. నేనైతే మూడు గంటలు దాటదనుకున్నాను. ఈ లెక్కను నమ్మొచ్చా? నా అలవాటు అసలెంతో ఎలా తెలుసుకోవాలి?

జవాబు: మీ అంచనాకూ ఫోన్ లెక్కకూ పొంతన కుదరకపోవడం మీ ఒక్కరి సంగతి కాదండీ. జనం నోటితో చెప్పిన అంచనాలను, పరికరాలు నమోదు చేసిన లెక్కలను పోల్చిన అధ్యయనాలను గుదిగుచ్చి చూసిన ఒక విశ్లేషణ 2021లో ‘నేచర్ హ్యూమన్ బిహేవియర్’ పత్రికలో వచ్చింది. రెండిటికీ ఓ మోస్తరు సంబంధమే ఉందని, అచ్చంగా సరిపోయిన సందర్భాలు అరుదని అందులో తేలింది. కాబట్టి జ్ఞాపకం మీద ఆధారపడకండి. అలాగని ఫోన్ లెక్కనూ ఉన్నదున్నట్టు తీసుకోవద్దు.

ఆండ్రాయిడ్‌లోని ‘డిజిటల్ వెల్‌బీయింగ్’, ఐఫోన్‌లోని ‘స్క్రీన్ టైమ్’ రెండూ 2018లో వచ్చాయి. తెర వెలుగుతూ ఉన్నప్పుడు ఏ యాప్ తెర మీద ఉందో దాని ఖాతాలో నిమిషాలు వేయడమే వాటి పని. ఆ నిమిషాల్లో మీరు చూశారా, ఫోన్ బల్ల మీద పెట్టి కూర తరుగుతున్నారా అన్నది వాటికి తెలియదు. తెర ఆపి వింటున్న పాటలు, పాడ్‌కాస్ట్‌లు లెక్కలోకి రావు. హాల్లో టీవీ రాదు, ఆఫీసు ల్యాప్‌టాప్‌లో పని పక్కనే ఇంకో ట్యాబ్‌లో నడిచే క్రికెట్ స్కోరు రాదు. ఐఫోన్ ఉన్నవాళ్లు ఇంకొకటి గమనించాలి. ‘షేర్ అక్రాస్ డివైసెస్’ ఆన్‌లో ఉంటే అదే ఖాతాతో ఇంట్లో పిల్లలు వాడే ఐప్యాడ్ గంటలు కూడా మీ పద్దులో పడతాయి.

ముందుగా వారం మొత్తం తీసుకోండి. రోజుకు 6 గంటల 40 నిమిషాలంటే వారానికి 46 గంటల 40 నిమిషాలు. యాప్‌ల జాబితా తెరిచి ఒక్కొక్క యాప్ ఎదురుగా ‘పని’, ‘మనుషులు’, ‘చూపు’ అని మూడింటిలో ఒకటి రాయండి. ఉదాహరణకు ఆఫీసు మెయిల్, చాట్, మీటింగులు 11 గంటలు, బ్యాంకు, యూపీఐ, టికెట్లు, మ్యాప్‌లు 3 గంటలు, ఊళ్లో ఉన్న అమ్మానాన్నలతో వీడియో కాల్స్ 3 గంటల 40 నిమిషాలు అనుకుందాం. ఇవి తీసేస్తే 29 గంటలు మిగులుతాయి. అందులో యూట్యూబ్ 13, ఇన్‌స్టాగ్రామ్ 9, వాట్సాప్ 5, వార్తల యాప్‌లు 2 గంటలు. అంటే మీ ‘చూపు’ రోజుకు సుమారు 4 గంటల 9 నిమిషాలు. దీనికి టీవీని, ల్యాప్‌టాప్‌ను కలపాలి. ఫోన్ చూపిన సంఖ్య నుంచి కొంత పోయింది, దానికి తెలియనిది కొంత వచ్చి చేరింది. ఇప్పుడు మీ చేతిలో ఉన్నది పనికొచ్చే సంఖ్య.

యూట్యూబ్ దగ్గర కాస్త ఆగాలి. ఖాతా సెట్టింగ్స్‌లో వెతికితే గత ఏడు రోజుల్లో ఎంత చూశారో ‘టైమ్ వాచ్డ్’ అని విడిగా కనిపిస్తుంది. అదే ఖాతాతో టీవీలో చూసినది కూడా అందులో కలుస్తుంది గనుక ఇది ఫోన్ లెక్క కన్నా సమగ్రం. అయితే వాచ్ హిస్టరీ ఆపేసి ఉన్నా, ఇన్‌కాగ్నిటోలో చూసినా, ఆ సమయం ఇందులోకి రాదు. ఇన్‌స్టాగ్రామ్ కూడా తన లెక్క తాను చూపిస్తుంది గానీ అది మీ చేతిలో ఉన్న ఆ ఒక్క ఫోన్‌కే పరిమితం.

ఇక అసలు పని నోటు పుస్తకంలో జరగాలి. జాతీయ గణాంక కార్యాలయం 2019లోను, 2024లోను చేసిన టైమ్ యూజ్ సర్వేలో ఒక మంచి పద్ధతి ఉంది. రోజును తెల్లవారుజామున 4 గంటలకు మొదలుపెట్టి మర్నాడు 4 గంటలకు ముగించి, అరగంటకో గడి చొప్పున 48 గడులు చేస్తారు. మీరూ అలాగే గీసుకోండి. అర్ధరాత్రితో రోజు మార్చితే, పదకొండున్నరకు మొదలుపెట్టి ఒంటిగంట దాకా చూసిన సిరీస్ రెండు రోజుల్లోకి చీలిపోయి, దేనిలోనూ ఎక్కువగా కనిపించదు. 4 గంటల పద్ధతిలో అది ఒకే రాత్రి ఖాతాలో ఉంటుంది.

ప్రతి గడికీ నాలుగు విషయాలు రాస్తే చాలు. ఏం చూశారు, దేనిలో చూశారు, ఆ సమయంలో చేతిలో ఇంకో పని ఉందా, ఎవరు మొదలుపెట్టారు. నాలుగోదానికి మూడు పొడి అక్షరాలు పెట్టుకోండి. మీకై మీరు ‘ఇది చూడాలి’ అనుకుని తెరిస్తే ‘నే’. నోటిఫికేషనో, ఎవరో పంపిన లింకో పిలిస్తే ‘పి’. ఒకటి అయ్యాక ఇంకొకటి దానంతటదే నడిచినా, ఎందుకు తీశారో తెలియకుండా తీసినా ‘దా’. మా దృష్టిలో గంటల కన్నా ఈ అక్షరమే ముఖ్యం. రెండు గంటల సినిమా ‘నే’ అయితే దానిలో తప్పుపట్టడానికి ఏమీ లేదు. నలభై నిమిషాల ‘దా’ రోజుకు మూడుసార్లు వస్తే అక్కడే మీ అలవాటు దాగి ఉంది.

ఒక రాత్రి గడులు ఇలా ఉంటాయి. 9:30: హాల్లో టీవీ సీరియల్, అందరితో, భోంచేస్తూ, ‘పి’. 10:00: ఓటీటీలో ఒక ఎపిసోడ్, ‘నే’. 10:30: అదే. 11:00: ఎపిసోడ్ అయిపోయింది, మంచం మీద రీల్స్, ‘దా’. 11:30: రీల్స్, ‘దా’. 12:00: అలారం పెట్టడానికి ఫోన్ తీసి మళ్లీ రీల్స్, ‘దా’. ఈ ఆరు గడుల్లో కోత పెట్టాల్సినది ఎపిసోడ్‌కు కాదని కాగితం మీద చూస్తే వెంటనే తెలుస్తుంది. మామూలుగా జనం ముందు ఓటీటీనే మానేస్తారు, రీల్స్ అలాగే ఉంటాయి.

ఇందులో తప్పులు దొర్లే చోట్లు చెబుతాం. రోజంతటిదీ రాత్రి కూర్చుని రాస్తే లిఫ్ట్ దగ్గర, సిగ్నల్ దగ్గర, మీటింగ్ మధ్యలో చూసిన రెండేసి నిమిషాలు ఒక్కటీ గుర్తుకు రావు. మధ్యాహ్న భోజనం తర్వాత, సాయంత్రం టీ దగ్గర, పడుకునే ముందు, ఇలా మూడుసార్లు రాయండి. పైన చెప్పిన సర్వేలో ఒకే గడిలో పలు పనులుంటే పది నిమిషాలైనా పట్టిన వాటినే నమోదు చేస్తారు. ఫోన్ విషయంలో మాత్రం ఆ చిన్నవే అసలైనవి, కాబట్టి వాటికి గడి అంచున ఒక్కో గీత గీయండి. టీవీ చూస్తూ ఫోన్ చూస్తే రెండిటికీ అరగంట చొప్పున వేయకండి. ఒకటి ప్రధానం, రెండోది పక్క పని అని గుర్తుపెట్టండి, లేకపోతే రోజుకు ఇరవై ఏడు గంటలు తేలుతుంది. మొదటి రెండు రోజులు ఎవరైనా తమను తాము కాస్త అదుపులో పెట్టుకుంటారు, అందువల్ల తొమ్మిది రోజులు రాసి మొదటి రెండు కొట్టేయండి. మిగిలిన ఏడులో ఆదివారం ఒకటి తప్పక ఉంటుంది. దసరా సెలవులు, ఐపీఎల్ మ్యాచ్‌లు, ఎన్నికల ఫలితాలు, జ్వరం ఉన్న వారాన్ని ఎంచుకోవద్దు.

మెట్రో ప్రయాణాన్ని విడిగా కూడండి. ఉప్పల్ నుంచి రాయదుర్గం నేరుగా బ్లూ లైన్, మధ్యలో మారక్కర్లేదు. రానూపోనూ కలిపితే రోజులో అంత పెద్ద ముక్క ఇంకొకటి దొరకదు. అది ‘దా’ గడులతో నిండి ఉంటే మార్పు అక్కడినుంచే మొదలుపెట్టడం సులువు. ఎక్కే ముందే ఏం వినాలో, ఏం చదవాలో డౌన్‌లోడ్ చేసి పెట్టుకుంటే ఆ గడి ‘నే’ అయిపోతుంది.

ప్రశ్న: పెద్దవాళ్లకు రోజుకు ఎన్ని గంటలు దాటితే ఎక్కువ అనాలి? (వనస్థలిపురం)

జవాబు: పెద్దలకు అలాంటి గీత ఎవరూ గీయలేదు. కూర్చునే సమయం తగ్గించమని ప్రపంచ ఆరోగ్య సంస్థ 2020లో చెప్పింది గానీ, ఇన్ని గంటలు అని హద్దు పెట్టడానికి తగిన ఆధారాలు లేవని కూడా అందులోనే ఉంది. అందుచేత గంటల బదులు దేని చోటు పోయిందో చూడండి. నిద్ర ఏడు గంటలకు తగ్గిందా, నడక మానేశారా, ఇంట్లోవాళ్లతో కలిసి తినే పూట తగ్గిందా, మొదలుపెట్టిన పుస్తకమో పనో నెలల తరబడి అలాగే పడి ఉందా. వీటిలో ఏదీ లేకపోతే నాలుగు గంటలైనా ఇబ్బంది లేదు. నిద్ర పోతుంటే గంటన్నర కూడా ఎక్కువే.

ప్రశ్న: గ్రూప్-2కి చదువుతున్నాను. దిల్‌సుఖ్‌నగర్‌లో హాస్టల్, పగలంతా చిక్కడపల్లి లైబ్రరీలో. రోజుకు ఐదు గంటలు యూట్యూబ్‌లో పాఠాలు చూస్తాను. ఇది చదువా, ఫోన్ అలవాటా?

జవాబు: పాఠం పేరుతో ఉన్నవన్నీ చదువు ఖాతాలో వేయకండి. వీడియో అయిపోగానే ఫోన్ బోర్లా పెట్టి, చూడకుండా ఐదు పాయింట్లు రాయండి. నాలుగు వస్తే అది చదువు. ఒకటీ రెండూ వస్తే మాస్టారి మాట వినసొంపుగా ఉందన్నమాట, అంతే. మూడు రోజులు ఇలా చేసి ఏ చానెల్ వీడియోలకు ఎన్ని పాయింట్లు రాయగలిగారో పట్టిక వేయండి. మీకు పనికొచ్చేవి రెండు మూడు చానెళ్లే ఉంటాయి.

గంట వీడియోకు తెర లేని గంట జోడించండి, పాత ప్రశ్నపత్రాలో సొంత నోట్సో. అలా జోడించలేని రోజున ఆ వీడియో గంటను ‘చూపు’లోనే వేయాలి. ఐదు గంటలు చూసి రెండు గంటలు రాస్తే చదివినది నాలుగు గంటలు, మిగతా మూడు గంటలు చూసినవి మాత్రమే.

కరెంట్ అఫైర్స్ కోసం రోజూ నలభై నిమిషాల వీడియో చూసేవాళ్లు, అదే నలభై నిమిషాలు లైబ్రరీలో ఒక తెలుగు పేపర్, ఒక ఇంగ్లిష్ పేపర్ చదివి, మర్నాడు తమకు తాము పరీక్ష పెట్టుకుని రెండిటినీ పోల్చాలి. మా అంచనాలో పేపరే గెలుస్తుంది, ఎందుకంటే పేపర్లో అక్కర్లేనిది దాటేయడం మీ చేతిలో ఉంటుంది.

చదువుకు విడిగా ఒక గూగుల్ ఖాతా తెరవండి. ఒకే ఖాతా అయితే పాలిటీ పాఠం కిందే సినిమా ట్రైలర్ వచ్చి కూర్చుంటుంది, ఎందుకంటే సూచనలు ఎక్కువగా హిస్టరీని బట్టే వస్తాయి. కొత్త ఖాతాలో ఆటోప్లే ఆపేయండి. ఇక ఆ ఖాతా ‘టైమ్ వాచ్డ్’ పాఠాల లెక్క, పాత ఖాతాది మిగతా లెక్క. విడిగా కూడాల్సిన పనే ఉండదు.

ప్రశ్న: మా నాన్నగారికి 68 ఏళ్లు. సైదాబాద్‌లో మాతోనే ఉంటారు. పొద్దున లేచింది మొదలు న్యూస్ చానెళ్లు, మధ్యలో వాట్సాప్ ఫార్వర్డ్‌లు. వద్దంటే ‘లోకజ్ఞానం ఉండొద్దా’ అంటారు. ఆయనకు చెప్పడం ఎలా?

జవాబు: లోకజ్ఞానం కావాలనడం సరైన మాటే. దానికి గౌరవం ఇచ్చి మొదలుపెట్టండి. రిమోట్ లాక్కోవడం, పిల్లల ముందు వాదించడం వద్దు.

ఆయనతో కలిసి ఒక చిన్న లెక్క వేయండి. మూడు సాయంత్రాలు, రాత్రి తొమ్మిదికి, ‘నాన్నగారూ, ఇవాళ కొత్తగా తెలిసినవి చెప్పండి, రాస్తాను’ అని అడగండి. వాదనలు, ఎవరు ఎవరిని తిట్టారన్నవి వదిలేసి, కొత్త సంగతులు మాత్రం రాయండి. పక్కన చానెల్ నడిచిన గంటలు రాయండి. మర్నాడు పొద్దున పేపరు తెచ్చి, రాత్రి రాసినవాటిలో ఎన్ని అందులో ఉన్నాయో, పేపర్లో ఉండి టీవీలో రానివి ఎన్నో ఆయన్నే టిక్ పెట్టమనండి. ఆరు గంటల ప్రసారంలో ఏడెనిమిది సంగతులు, అవీ తిప్పి తిప్పి చెప్పినవే అని ఆయన కంటితో ఆయనే చూస్తే మీరు ఏమీ అనక్కర్లేదు. మున్సిపాలిటీ పనులు, వీధి వార్తలు, ఆసుపత్రి శిబిరాలు, నీళ్లు రాని రోజులు లాంటివి పేపరు జిల్లా పేజీల్లోనే ఎక్కువ దొరుకుతాయి. ఆ తర్వాత పొద్దున పేపరు, మధ్యాహ్నం ఆకాశవాణి ప్రాంతీయ వార్తలు, రాత్రి ఒక టీవీ బులెటిన్ అని ఒక పద్ధతికి ఒప్పుకోవడం తేలిక. అయితే ఖాళీ అయిన గంటల్లో ఆయన ఏం చేయాలన్నది ముందే ఆలోచించండి. రోజంతా టీవీ నడవడానికి చాలా ఇళ్లలో కారణం వార్తల మీద ఆసక్తి కన్నా ఇంట్లో మాట్లాడే మనిషి లేకపోవడం. అఫ్జల్‌గంజ్‌లో రాష్ట్ర కేంద్ర గ్రంథాలయం, సుల్తాన్ బజార్‌లో 1901 నుంచి నడుస్తున్న శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషానిలయం సైదాబాద్‌కు దూరమేమీ కాదు. వారానికి రెండుసార్లు అక్కడ దింపి తీసుకురండి.

వాట్సాప్ సంగతి వేరుగా చూడాలి. ఒక బాణం గుర్తుంటే ఆ సందేశం ఫార్వర్డ్ చేసినది. జంట బాణాలుంటే మొదట పంపినవారి నుంచి కనీసం ఐదు చేతులు మారి వచ్చినది. 2018లో మన దేశంలో ఒకసారికి ఐదు చాట్‌లకే ఫార్వర్డ్ చేసే హద్దు పెట్టారు. 2020 ఏప్రిల్ నుంచి జంట బాణాల సందేశాన్ని ఒకసారికి ఒక్క చాట్‌కే పంపగలం. జంట బాణాలున్నంత మాత్రాన అది అబద్ధమని కాదు. అది పంపిన స్నేహితుడి దగ్గర పుట్టినది కాదని మాత్రం ఖాయం. ఈ తేడా నాన్నగారికి ఓపికగా చెప్పండి. చాలామంది పెద్దలు ‘మావాడే పంపాడు’ అనే నమ్మకంతోనే ముందుకు పంపుతారు.

ఎంత వస్తోందో చూపించడానికి వాట్సాప్ సెట్టింగ్స్‌లో ‘స్టోరేజ్ అండ్ డేటా’, అందులో ‘మేనేజ్ స్టోరేజ్’ తెరవండి. చాలాసార్లు ఫార్వర్డ్ అయిన ఫొటోలు, వీడియోలు ఒక చోట, ఎన్ని ఎంబీలో సహా కనిపిస్తాయి. కిందనే ఏ గ్రూపు ఎంత చోటు తిందో వరుసగా ఉంటుంది. ఆ జాబితాలో పైన ఉన్న గ్రూపులను ‘ఆల్వేస్’ అని మ్యూట్ చేసి, ఫొటోలు, వీడియోలు తమంతట డౌన్‌లోడ్ కాకుండా ఆపేయండి. గ్రూపు నుంచి తప్పిస్తే ఆయనకు మనసు కష్టమవుతుంది, మ్యూట్ చేస్తే ఎవరికీ తెలియదు. అనుమానం ఉన్నవాటిని హైదరాబాద్ కేంద్రంగా పనిచేసే ఫ్యాక్ట్‌లీ వంటి, నిజానిజాలు తేల్చే సంస్థల తెలుగు పేజీల్లో వెతకొచ్చు. కేంద్ర ప్రభుత్వ పథకాలు, ఉత్తర్వుల పేరుతో వచ్చేవాటికి 2019లో మొదలైన పీఐబీ (ప్రెస్ ఇన్ఫర్మేషన్ బ్యూరో) ఫ్యాక్ట్ చెక్ ఉంది. రాష్ట్ర ప్రభుత్వ విషయాలు దాని పరిధిలో ఉండవు. పెన్షన్, ఆరోగ్యం, డబ్బు గురించిన ఫార్వర్డ్‌లను మాత్రం మీకు చూపించాకే నమ్మమని ఒక్క మాట తీసుకోండి. మిగతావి ఆయన ఇష్టానికి వదిలేయండి.

ప్రశ్న: పాపకు మూడేళ్లు, బాబుకు తొమ్మిది. పాప ఫోన్ చూపిస్తే గానీ ముద్ద మింగదు. అసలు పిల్లలు ఎంత చూస్తున్నారో కూడా తెలియడం లేదు, అన్నీ నా ఫోన్‌లోనే. (నిజాంపేట)

జవాబు: ఫోన్ పాప చేతికి ఇచ్చిన ప్రతిసారీ, తీసుకున్న ప్రతిసారీ ఫ్రిజ్ మీద అతికించిన కాగితం మీద టైము వేయండి, వారం రోజులు. పెద్దవాళ్లు టీవీ చూస్తుంటే పాప పక్కనే ఆడుకుంటున్న సమయాన్ని కూడా వేరే గుర్తుతో రాయండి. చూడకపోయినా ఆ గదిలో తెర నడుస్తూనే ఉంది కదా. టీవీ సమయం వదిలేసి, ఫోన్ పిల్లల చేతిలో ఉన్న సమయాన్ని మాత్రం మీ ఫోన్ లెక్క నుంచి తీసేస్తే మీ సొంత వాడకం ఎంతో కూడా తేలుతుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 2019లో రెండు నుంచి నాలుగేళ్ల పిల్లలకు రోజుకు గంట దాటొద్దని, తగ్గితే ఇంకా మంచిదని చెప్పింది. మన పిల్లల వైద్యుల సంఘం, ఇండియన్ అకాడమీ ఆఫ్ పీడియాట్రిక్స్ మార్గదర్శకాల్లో కూడా రెండు నుంచి ఐదేళ్ల వారికి గంటే హద్దు, అదీ ఒక్కోసారి 20 – 30 నిమిషాలకు మించకుండా. ఐదు నుంచి పదేళ్ల వారికి రెండు గంటల లోపు. రెండేళ్ల లోపు వారికి అసలు వద్దు, అమ్మమ్మ తాతయ్యలతో అప్పుడప్పుడు వీడియో కాల్‌కు మాత్రం మినహాయింపు ఇచ్చారు.

భోజనం విషయంలో మూడు పూటలూ ఒకేసారి మాన్పించబోతే రెండో రోజే ఓడిపోతారు. పాపకు బాగా ఆకలేసే పూట ఒక్కటి ఎంచుకోండి, చాలా ఇళ్లలో అది మధ్యాహ్నం. ఆ పూటకు గంటన్నర ముందు నుంచి బిస్కెట్లు, పాలు ఆపండి. నేల మీద అందరితో పాటు కూర్చోబెట్టి, కంచం ఆమె ముందే పెట్టి, కలిపిన ముద్దలు ఆమె చేతికే ఇవ్వండి. ఇరవై నిమిషాల్లో ఎంత తింటే అంతే, కంచం తీసేయండి. మొదటి మూడు నాలుగు రోజులు తక్కువ తింటుంది, ఏడుస్తుంది. అప్పుడు ఇంట్లో పెద్దలెవరూ జాలిపడి ఫోన్ ఇవ్వకుండా ముందే అందరితో మాట్లాడుకోండి. ఇది చెడేది సాధారణంగా అక్కడే. ఆ పూట కుదురుకున్నాక రెండో పూట. బరువు తగ్గుతున్నట్టు అనిపిస్తే మాత్రం డాక్టరుకు చూపించండి.

బాబు కూడా మీ ఫోనే వాడుతున్నంత కాలం అతని టైమూ అదే కాగితం మీద వేయండి. అతనికి విడిగా ఫోనో ట్యాబో ఉంటే, పిల్లల వాడకాన్ని పెద్దలు చూసుకునే గూగుల్ యాప్ ‘ఫ్యామిలీ లింక్‌’తో అందులో అతని పేరున పిల్లల ఖాతా తెరిస్తే లెక్క దానంతటదే పడుతుంది. స్కూలు వాళ్లు పంపే హోంవర్క్ వీడియోలను ఆ రెండు గంటల్లో కలపకండి, విడిగా రాయండి.

ప్రశ్న: నాలుగు ఓటీటీలకు డబ్బు కడుతున్నాం. ఏది ఉంచాలో, ఏది తీయాలో తేల్చేదెలా? (అల్వాల్)

జవాబు: ఒక్కోదానికి గత మూడు నెలల్లో చూసిన గంటలతో ఆ మూడు నెలల డబ్బును భాగించండి. ఏడాదికి 1,200 రూపాయలైతే మూడు నెలలకు 300. పది గంటలు చూసి ఉంటే గంటకు 30, రెండే గంటలు చూసి ఉంటే గంటకు 150. నెట్‌ఫ్లిక్స్‌లో ప్రొఫైల్ వారీగా ఏ తేదీన ఏం చూశారో ‘వ్యూయింగ్ యాక్టివిటీ’లో ఉంటుంది. మిగతా వాటిలోనూ వాచ్ హిస్టరీ వెతకండి. ఇంట్లో అందరూ ఒకే ప్రొఫైల్‌లో చూస్తే ఎవరిది ఎంతో తెలియదు, ముందు వేర్వేరు ప్రొఫైళ్లు చేసి తర్వాత కొలవండి.

యాప్ తీసేసినంత మాత్రాన చందా ఆగదు. మీ యూపీఐ యాప్‌లో ‘ఆటోపే’ తెరిచి ఏయే మ్యాండేట్లు నడుస్తున్నాయో చూడండి. కార్డు మీద పెట్టినవి బ్యాంకు యాప్‌లో ఉంటాయి. రిజర్వ్ బ్యాంకు నిబంధన ప్రకారం ఇలాంటి చందా డబ్బు తీసుకునేందుకు కనీసం 24 గంటల ముందు మీకు సందేశం రావాలి. ఆ సందేశాన్ని చూడకుండా తీసేయడమే డబ్బు పోవడానికి అసలు కారణం. గంటకు వంద దాటినవాటిని ఇప్పుడే ఆపి, చూడాల్సిన సినిమా వచ్చిన నెలలో నెల చందా కట్టుకోండి.

ప్రశ్న: ఇన్‌స్టాగ్రామ్‌కు అరగంట టైమర్ పెట్టాను. రెండో రోజే తీసేశాను. మళ్లీ పెట్టడం, మళ్లీ తీయడం. ఎక్కడ పొరపాటు? (మెహదీపట్నం)

జవాబు: మీరు ఎంత చూస్తున్నారో కొలవకుండా అంకె పెట్టారు. రోజుకు రెండు గంటలు చూసేవారికి అరగంట టైమర్ మధ్యాహ్నానికే అయిపోతుంది, మిగతా సాయంత్రమంతా దాన్ని తీసేయాలన్న ఆలోచనతోనే గడుస్తుంది. వారం సగటు తీసి, దానిలో ఐదో వంతు తగ్గించి పెట్టండి. రెండు గంటలైతే గంటా ముప్పైఆరు నిమిషాలు. రెండు వారాలు అది నిలబడ్డాక ఇంకో ఐదో వంతు. ఆండ్రాయిడ్ టైమర్ అర్ధరాత్రి దాటగానే మళ్లీ మొదటినుంచి మొదలవుతుంది. పన్నెండు దాటాక చూసే అలవాటున్న వారికి ఇది పెద్ద లొసుగు, కాబట్టి దానికి తోడు ‘బెడ్‌టైమ్ మోడ్’ పదకొండుకు పెట్టండి.

టైమర్ కన్నా ముందు చేయాల్సినది నోటిఫికేషన్ల కోత. డిజిటల్ వెల్‌బీయింగ్ డ్యాష్‌బోర్డులో స్క్రీన్ టైమ్ బదులు ‘నోటిఫికేషన్స్’ ఎంచుకుంటే ఏ యాప్ రోజుకు ఎన్నిసార్లు పిలుస్తోందో, ‘టైమ్స్ ఓపెన్డ్’ ఎంచుకుంటే మీరు ఎన్నిసార్లు తెరిచారో కనిపిస్తుంది. ఐఫోన్‌లో ఫోన్ చేతిలోకి తీసుకోగానే మొదట తెరిచిన యాప్ ఏదో కూడా ఉంటుంది. పైన ఉన్న మూడు యాప్‌లకు మనుషులు నేరుగా పంపే సందేశాలు తప్ప మిగతా నోటిఫికేషన్లన్నీ ఆపేయండి. నోటిఫికేషన్లు తగ్గినా తెరిచే సంఖ్య తగ్గకపోతే కారణం బయటి పిలుపు కాదు, చెయ్యి ఖాళీగా ఉన్నప్పుడల్లా ఫోన్ మీదికి పోయే అలవాటు. అప్పుడు యాప్‌ను హోం స్క్రీన్ నుంచి తీసి, ప్రతిసారీ లాగౌట్ చేయండి. పాస్‌వర్డ్ కొట్టాల్సి వచ్చినప్పుడు చాలాసార్లు మధ్యలోనే మనసు మారుతుంది.

రాత్రి ఫోన్‌ను హాల్లో చార్జింగ్‌కు పెట్టి, పడకగదిలోకి మామూలు అలారం గడియారం తెచ్చుకోండి. సుల్తాన్ బజార్‌లో ఏ గడియారాల కొట్టులోనైనా దొరుకుతుంది. అలారం కోసమని ఫోన్ మంచం దగ్గరుంటే పైన చెప్పిన టైమర్లేవీ పనిచేయవు. ఆరు వారాలయ్యాక రెండు మామూలు రోజులు, ఒక ఆదివారం మళ్లీ మొదటి జవాబులో చెప్పిన గడులతోనే రాసి, ‘దా’ అక్షరాలు ఎన్ని ఉన్నాయో మొదటి కాగితంతో పోల్చండి.